లినక్స్‌లో కొత్త హార్డ్ డ్రైవ్: రీబూట్ చేసినా ఊడిపోకుండా మౌంట్ చేయడం ఎలా?

"కొత్త డ్రైవ్ బిగించాను, బయోస్‌లో కనిపిస్తోంది, లినక్స్‌లో మాత్రం ఎక్కడుందో తెలియడం లేదు." చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇది. రెండు రోజులకు రెండోది వస్తుంది: "నిన్న పనిచేసింది, ఇవాళ రీబూట్ చేస్తే మాయమైంది." మూడోది మంచి టెన్షన్‌లో ఉన్నప్పుడు వస్తుంది: "ఏదో ఫైల్‌లో ఒక లైను రాశాను, ఇప్పుడు సిస్టమ్ ఆన్ కావడమే లేదు." మొదటి ప్రశ్నకు జవాబు పది నిమిషాల పని. మిగతా రెండూ ఆ ఒక్క లైను దగ్గరే తేలతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

విండోస్ నుంచి వచ్చినవాళ్లకు ఒక్క మాట. ఇక్కడ డీ డ్రైవ్, ఈ డ్రైవ్ అంటూ ఉండవు. డ్రైవ్‌ను ఏదో ఒక ఖాళీ ఫోల్డర్‌కు తగిలిస్తాం, ఆ ఫోల్డర్ తెరిస్తే డ్రైవ్ లోపలికి వెళ్తాం. మౌంట్ అంటే అంతే. సిద్ధాంతం ఇంతకన్నా అవసరం లేదు.

కావాల్సినవి

ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరాల్లో ఏదైనా సరే. సుడో అధికారం (అడ్మిన్ హక్కులతో కమాండ్లు ఇచ్చే అధికారం) ఉన్న ఖాతా ఉండాలి. డెస్క్‌టాప్ ఉంటే 'డిస్క్స్' అనే అప్లికేషన్ చాలాచోట్ల ముందే ఉంటుంది, లేకపోతే గ్నోమ్ డిస్క్ యుటిలిటీ పేరుతో దొరుకుతుంది. లినక్స్ ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన పెన్‌డ్రైవ్ పారేయకుండా దగ్గర పెట్టుకోండి, ఎందుకో చివర్లో చెబుతాను. పాత డ్రైవ్‌లో ముఖ్యమైన డేటా ఉంటే ముందు దానికి బ్యాకప్ తీయండి. కొత్త డ్రైవ్‌కు చేయబోయి పాతదాన్ని ఫార్మాట్ చేసినవాళ్లు తక్కువేమీ లేరు.

కమాండ్లను తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. సుడో, మౌంట్, నానో లాంటి మాటలను పలికినట్టే రాశాను, పొడి అక్షరాల పేర్లను ఒక్కో అక్షరంగా రాశాను. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను.

1. ఏది కొత్త డ్రైవో తేల్చుకోండి

డ్రైవ్ బిగించే ముందు దాని మీదున్న స్టిక్కర్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అందులోని సీరియల్ నంబర్ ఇప్పుడు పనికొస్తుంది. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ):

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,మోడల్,సీరియల్

సాటా డ్రైవ్‌లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లతో కనిపిస్తాయి. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లైతే ఎన్‌వీఎంఈ0ఎన్1 లాంటి పేర్లతో ఉంటాయి. సీరియల్ నంబర్ స్టిక్కర్‌తో సరిపోయిందే మీది. "ఎస్‌డీబీ అయ్యుంటుందిలే" అని ఊహించి ముందుకు వెళ్లొద్దు. ఈ పేర్లు బూట్ అయిన ప్రతిసారీ ఒకేలా ఉంటాయన్న హామీ లేదు. నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ ఎస్‌డీఏ కావచ్చు.

జాబితాలో డ్రైవ్ అసలు లేకపోతే సమస్య చాలాసార్లు లినక్స్‌ది కాదు, వైర్లది. డేటా కేబుల్, పవర్ కేబుల్ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. వేరే సాటా పోర్టులో పెట్టి చూడండి. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో డ్రైవ్ పెడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, ఏవి ఆగుతాయో బోర్డు మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

2. ఆరోగ్యం ఒకసారి చూడండి

డిస్క్స్ అప్లికేషన్‌లో ఆ డ్రైవ్‌ను ఎంచుకుని, మెనూలో స్మార్ట్ డేటా (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) తెరవండి. రెండు అంకెలు చాలు. రీఎలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కన పెట్టిన భాగాలు) సున్నా ఉండాలి. పవర్ ఆన్ గంటలు దాదాపు సున్నా ఉండాలి. అక్కడ వేల గంటలు కనిపిస్తే మీకు అమ్మింది కొత్త డ్రైవ్ కాదు, ఫార్మాట్ చేయకుండానే వెనక్కి ఇచ్చేయండి. ఓపిక ఉంటే ఎక్స్‌టెండెడ్ టెస్ట్ పెట్టి రాత్రంతా వదిలేయండి, పెద్ద డ్రైవ్‌కు చాలా గంటలు పడుతుంది. యూఎస్‌బీ పెట్టెలో ఉన్న కొన్ని డ్రైవ్‌లు ఈ వివరాలు చూపించవు, అది లోపం కాదు.

3. పార్టిషన్ చేయండి

డిస్క్స్‌లో ఎడమవైపు కొత్త డ్రైవ్‌ను ఎంచుకోండి. పైన మెనూలో 'ఫార్మాట్ డిస్క్' నొక్కి, జీపీటీ ఎంచుకోండి. డ్రైవ్‌లో ఏ భాగం (పార్టిషన్) ఎక్కడుందో రాసిపెట్టే కొత్త పద్ధతి ఇది. పాత పద్ధతి అయిన ఎంబీఆర్ మామూలు 512 బైట్ల సెక్టార్లున్న డ్రైవ్‌లో 2 టెరాబైట్ల దాకానే లెక్కపెట్టగలదు. 4 టెరాబైట్ల డ్రైవ్ కొని సగమే కనిపిస్తోందని బాధపడేవాళ్ల సమస్య చాలాసార్లు ఇదే. డేటా మొత్తం చెరిపే ఆప్షన్ కొత్త డ్రైవ్‌కు అక్కర్లేదు, ఆన్ చేస్తే గంటలకొద్దీ కూర్చోవాలి.

తర్వాత ఖాళీ స్థలం కింద ఉన్న ప్లస్ గుర్తు నొక్కి, మొత్తం స్థలంతో ఒకే పార్టిషన్ చేయండి.

పార్టిషన్ లేకుండా డ్రైవ్ మొత్తాన్నీ నేరుగా ఫార్మాట్ చేయొచ్చు కదా అంటారు కొందరు. చేయొచ్చు, పనిచేస్తుంది కూడా. కానీ అదే డ్రైవ్‌ను ఎప్పుడైనా వేరే సిస్టమ్‌కు తగిలిస్తే "ఇది ఖాళీ డిస్క్, సిద్ధం చేయమంటారా?" అని అడుగుతుంది. ఎవరో సరే అంటారు. నేనైతే పార్టిషన్ చేస్తాను.

4. ఫైల్ సిస్టమ్ ఎంచుకోండి

లినక్స్‌లో మాత్రమే వాడే డ్రైవ్ అయితే ఈఎక్స్‌టీ4 పెట్టండి, ఇంక ఆలోచించక్కర్లేదు. అదే కంప్యూటర్‌లో విండోస్ కూడా ఉండి రెండింటి నుంచీ రాయాల్సి వస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్. కెమెరాలు, టీవీలు, వేరే కంప్యూటర్ల మధ్య తిరిగే డ్రైవ్ అయితే ఎక్స్‌ఫ్యాట్. ఈ రెంటిలో లినక్స్ తరహా యజమాని, అనుమతులు ఉండవు, దాని సంగతి 8వ మెట్టులో వస్తుంది. పేరు అడిగిన చోట 'డేటా' అనో ఇంకేదో చిన్న పేరు ఇవ్వండి.

డెస్క్‌టాప్ లేని సర్వర్ అయితే 3, 4 మెట్లకు ఈ మూడు కమాండ్లు సరిపోతాయి. ఎస్‌డీబీ ఉన్న చోట మీ డ్రైవ్ పేరు రాయాలి:

సుడో పార్టెడ్ /డెవ్/ఎస్‌డీబీ ఎంకేలేబుల్ జీపీటీ
సుడో పార్టెడ్ -ఏ ఆప్టిమల్ /డెవ్/ఎస్‌డీబీ ఎంకేపార్ట్ డేటా ఈఎక్స్‌టీ4 0% 100%
సుడో ఎంకేఎఫ్‌ఎస్.ఈఎక్స్‌టీ4 -ఎల్ డేటా /డెవ్/ఎస్‌డీబీ1

మూడో దాంట్లో 'ఎల్' పెద్ద అక్షరం, చివరన 1 ఉంది చూడండి. అది పార్టిషన్ నంబర్. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కైతే 1 బదులు పీ1 అని వస్తుంది.

ఇంకో చిన్న విషయం. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం స్థలాన్ని రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ డ్రైవ్‌కు అది మంచిదే. సినిమాలు, ఫొటోలు దాచుకునే 4 టెరాబైట్ల డ్రైవ్‌లో 5 శాతమంటే 200 గిగాబైట్లు. 1 శాతానికి తగ్గించుకోవచ్చు:

సుడో ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎం 1 /డెవ్/ఎస్‌డీబీ1

5. తగిలించడానికి ఖాళీ ఫోల్డర్

సుడో ఎంకేడీఐఆర్ /ఎంఎన్‌టీ/డేటా

/మీడియా కింద చేయకండి. పెన్‌డ్రైవ్‌ల లాంటివాటిని డెస్క్‌టాప్ తనంతట తాను తగిలించుకునే చోటు అది, మధ్యలో మనం ఎందుకు?

ఫోల్డర్ ఖాళీగా ఉండాలి అన్నాను కదా. ఖాళీగా లేకపోయినా మౌంట్ అవుతుంది, లోపలి ఫైళ్లు పోవు కూడా. కానీ డ్రైవ్ తగిలి ఉన్నంతసేపూ అవి కనబడవు. దీనికి రివర్స్ కేసు ఇంకా ప్రమాదం. డ్రైవ్ తగలని రోజున ఈ ఫోల్డర్ మామూలు ఫోల్డరే, అందులో ఏం రాసినా సిస్టమ్ డ్రైవ్‌లోకి వెళ్తుంది. నా బ్యాకప్‌లు ఇలా మూడు వారాలు తప్పుడు డ్రైవ్‌లో పడ్డాయి. సిస్టమ్ డ్రైవ్ నిండి, డెస్క్‌టాప్ తెరుచుకోవడం మానేసిన రోజున తెలిసింది. అప్పటినుంచి మౌంట్ చేయకముందే, ఖాళీ ఫోల్డర్ మీద ఈ కమాండ్ ఇస్తున్నాను:

సుడో సీహెచ్‌ఏటీటీఆర్ +ఐ /ఎంఎన్‌టీ/డేటా

దీంతో ఆ ఖాళీ ఫోల్డర్‌లో రూట్‌కు కూడా ఏమీ రాయడం కుదరదు. డ్రైవ్ తగిలాక మామూలుగా రాసుకోవచ్చు, ఎందుకంటే అప్పుడు రాసేది డ్రైవ్‌లోకి. డ్రైవ్ తగలకపోతే బ్యాకప్ ప్రోగ్రామ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మనకు కావాల్సిందీ అదే.

6. యూయూఐడీ తీసుకోండి

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్

మీ పార్టిషన్ వరుసలో యూయూఐడీ కింద పొడవాటి అక్షరాల దండ కనిపిస్తుంది. ఎస్‌డీబీ లాంటి పేరు మారినా మారని గుర్తింపు ఇది. దాన్ని మౌస్‌తో కాపీ చేయండి, చేత్తో టైప్ చేయొద్దు. బీఎల్‌కేఐడీ కమాండ్ వాడితే పార్ట్‌యూయూఐడీ అనే ఇంకోటి కూడా పక్కనే కనిపిస్తుంది. అది పార్టిషన్‌ది, మనకు కావాల్సింది ఫైల్ సిస్టమ్‌ది. తొందరలో ఒకదాని బదులు ఇంకోటి కాపీ చేయడం మామూలే.

మళ్లీ ఫార్మాట్ చేస్తే యూయూఐడీ మారిపోతుంది. "ఏం ముట్టుకోలేదు, ఫార్మాట్ ఒక్కటే చేశాను, మౌంట్ కావడం లేదు" అనేవాళ్లకు జవాబు ఇదే.

7. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ ఒక్క లైను

ఏ డ్రైవ్‌ను ఏ ఫోల్డర్‌కు తగిలించాలో బూట్ సమయంలో సిస్టమ్ చదువుకునే ఫైల్ ఇది. ముందు నకలు:

సుడో సీపీ /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్.ఓల్డ్
సుడో నానో /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్

ఉన్న లైన్లను ముట్టుకోకండి. అన్నిటికన్నా కింద కొత్త లైను:

యూయూఐడీ=మీరు-కాపీ-చేసింది /ఎంఎన్‌టీ/డేటా ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్స్,నోఫెయిల్ 0 2

మొదటి 'యూయూఐడీ' నాలుగూ పెద్ద అక్షరాలు. ఆరు ముక్కలున్నాయి, మధ్యలో ఖాళీ. ఏది, ఎక్కడికి, ఏ రకం, ఏ షరతులతో అన్నవి మొదటి నాలుగు. అయిదోది సున్నాగానే ఉంచండి. ఆరోది బూట్ సమయంలో తనిఖీ వరుస: సిస్టమ్ డ్రైవ్‌కు 1, మిగతా ఈఎక్స్‌టీ4 డ్రైవ్‌లకు 2, తనిఖీ వద్దంటే 0. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు 0 పెట్టండి.

షరతుల ముక్కలో కామాకు అటూఇటూ ఖాళీ ఉండకూడదు. 'డిఫాల్ట్స్, నోఫెయిల్' అని కామా తర్వాత ఖాళీ ఇచ్చారంటే ఆరు ముక్కలు ఏడవుతాయి, లెక్క తప్పుతుంది. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే దాని చోట \040 అని రాయాలి. అంత అవస్థ ఎందుకు, ఖాళీ లేని పేరే పెట్టుకోండి.

నోఫెయిల్ మాట మరవొద్దు. అది లేకపోతే డ్రైవ్ దొరకని రోజున సిస్టమ్ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడిపోతుంది. ఫొటోల డ్రైవ్ కేబుల్ వదులైనందుకు కంప్యూటర్ మొత్తం ఆగిపోవడం దేనికి?

నానో అనే ఈ ఎడిటర్‌లో కంట్రోల్-ఓ, ఎంటర్ నొక్కితే సేవ్ అవుతుంది. కంట్రోల్-ఎక్స్‌తో బయటికి రండి. రీబూట్ చేయకండి. ఇంకా కాదు.

సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్
సుడో ఫైండ్ఎంఎన్‌టీ --వెరిఫై
సుడో మౌంట్ -ఏ

డీమన్ స్పెల్లింగ్‌లో డీ తర్వాత ఏ, ఈ రెండూ వస్తాయి. రెండో కమాండ్ ఫైల్‌ను చదివి తప్పులు పట్టుకుంటుంది: ఫోల్డర్ లేకపోవడం, ఫైల్ సిస్టమ్ పేరు తప్పు రాయడం వంటివి. మూడోది ఫైల్‌లో ఉన్నవన్నీ ఇప్పుడే తగిలించి చూస్తుంది. ఏమీ అనకపోతే అంతా బాగున్నట్టు అని చాలాచోట్ల చదివి ఉంటారు. పూర్తిగా నమ్మకండి. నోఫెయిల్ ఉన్నప్పుడు యూయూఐడీలో ఒక్క అక్షరం తప్పినా మూడో కమాండ్ నోరు మెదపదు, డ్రైవ్ మాత్రం తగలదు. కాబట్టి విడిగా అడగాలి:

ఫైండ్ఎంఎన్‌టీ /ఎంఎన్‌టీ/డేటా

ఒక వరుస వస్తే తగిలినట్టు. ఏమీ రాకపోతే తగలనట్టు. అప్పుడు 6వ మెట్టుకు వెళ్లి యూయూఐడీ మళ్లీ కాపీ చేయండి.

ఫైల్ తెరవడమంటేనే భయమైతే డిస్క్స్‌లో పార్టిషన్ కింద ఉన్న గేర్ గుర్తులో 'ఎడిట్ మౌంట్ ఆప్షన్స్' ఉంది. పైన ఉన్న 'యూజర్ సెషన్ డిఫాల్ట్స్' ఆఫ్ చేసి, మౌంట్ పాయింట్ రాసి, గుర్తింపు దగ్గర యూయూఐడీ ఎంచుకుంటే అలాంటి లైనే అది రాస్తుంది. నోఫెయిల్ కూడా తనే పెడుతుంది. ఇలా చేసినా పైనున్న తనిఖీ మాత్రం చేయాల్సిందే.

8. యజమాని ఎవరు?

డ్రైవ్ తగిలింది, ఫైల్ కాపీ చేయబోతే "పర్మిషన్ డినైడ్". కొత్త ఈఎక్స్‌టీ4 రూట్ సొత్తు కాబట్టి అలా వస్తుంది. మీ పేరు మీదికి మార్చండి:

సుడో సీహెచ్‌ఓడబ్ల్యూఎన్ మీపేరు:మీపేరు /ఎంఎన్‌టీ/డేటా

డ్రైవ్ తగిలాకే ఈ కమాండ్ ఇవ్వాలి. ముందే ఇస్తే కింద ఉన్న ఖాళీ ఫోల్డర్ యజమాని మారతాడు తప్ప డ్రైవ్‌ది కాదు. (5వ మెట్టులో తాళం వేసి ఉంటే అదీ మారదు, ఎర్రర్ వస్తుంది.) 777 అనుమతులు (ఎవరైనా ఏదైనా చేసుకోవచ్చని) ఇచ్చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది తాళం పోయిందని తలుపే పీకేయడం.

ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లకు యజమానిని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైనులోనే చెప్పాలి. నోఫెయిల్ తర్వాత కామా పెట్టి 'యూఐడీ=1000,జీఐడీ=1000,యూమాస్క్=022' అని చేర్చండి. ఇవి చిన్న అక్షరాలే. మీ నంబర్ 1000 అవునో కాదో 'ఐడీ' అనే కమాండ్ చెబుతుంది. రకం దగ్గర ఎన్‌టీఎఫ్‌ఎస్3 రాయొచ్చు, 2021లో వచ్చిన 5.15 కెర్నల్ నుంచి అది ఉంది. పాత సిస్టమ్ అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ.

ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ మౌంట్ కాకపోయినా, చదవడానికి మాత్రమే తెరుచుకుంటున్నా ముందు విండోస్‌ను అనుమానించండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, డ్రైవ్‌ను సగం పట్టుకునే పడుకుంటుంది. ఆ సెట్టింగ్ ఆఫ్ చేయండి. బలవంతంగా రాయించే ఆప్షన్ల జోలికి పోకండి, విండోస్ లేచాక డేటా చెడిపోవచ్చు.

9. అసలు పరీక్ష

డ్రైవ్‌లో ఒక చిన్న ఫైల్ పెట్టండి. తర్వాత:

సుడో యూమౌంట్ /ఎంఎన్‌టీ/డేటా

కమాండ్ పేరు యూ, ఆ వెంటనే మౌంట్. మధ్యలో ఎన్ లేదు. "టార్గెట్ ఈజ్ బిజీ" అంటే మీరో, మీ ఫైల్ మేనేజరో ఆ ఫోల్డర్‌లోనే ఉన్నట్టు. బయటికి వచ్చి మళ్లీ కొట్టండి. ఇప్పుడు ఫోల్డర్ తెరిస్తే ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేకపోతే, ఆ ఫైళ్లు ఇంతకాలం సిస్టమ్ డ్రైవ్‌లో దాక్కున్నవి.

మళ్లీ 'సుడో మౌంట్ -ఏ'. మీరు పెట్టిన ఫైల్ తిరిగి కనిపించాలి. ఈఎక్స్‌టీ4 అయితే దాని పక్కన 'లాస్ట్+ఫౌండ్' అనే ఫోల్డర్ కూడా ఉంటుంది. డ్రైవ్ నిజంగా తగిలిందని చెప్పే గుర్తు అది, తీసేయకండి. 'డీఎఫ్ -హెచ్' కొడితే 4 టెరాబైట్ల డ్రైవ్ సుమారు 3.6 అని చూపిస్తుంది. మోసమేమీ లేదు, తయారీదారు వెయ్యి లెక్కన, కమాండ్ 1024 లెక్కన కొలుస్తున్నారు.

ఇప్పుడు రీబూట్ చేయండి. లేచాక ఫైండ్ఎంఎన్‌టీతో మరోసారి చూడండి.

ఎమర్జెన్సీ మోడ్‌లో పడితే

నల్లటి తెర, "ఎమర్జెన్సీ మోడ్" అన్న మాట, కింద పాస్‌వర్డ్ అడగడమో, ఎంటర్ నొక్కమనడమో. డేటా ఏమీ పోలేదు. లోపలికి వెళ్లి:

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /
నానో /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్

మీరు చేర్చిన లైను ముందు # పెట్టి సేవ్ చేసి, రీబూట్ చేయండి. సిస్టమ్ మామూలుగా లేస్తుంది, తీరిగ్గా తప్పు వెతుక్కోవచ్చు.

రూట్ ఖాతాకు పాస్‌వర్డ్ లేని ఫెడోరా లాంటి సిస్టమ్‌లలో "రూట్ ఖాతా లాక్ అయి ఉంది" అని చెప్పి లోపలికి రానివ్వకపోవచ్చు. పెన్‌డ్రైవ్ దాచుకోమన్నది ఇందుకే. దాంతో బూట్ చేసి, ఫైల్ మేనేజర్‌లో మీ సిస్టమ్ పార్టిషన్ తెరిస్తే అది /మీడియా కిందో, /రన్/మీడియా కిందో తగులుతుంది. టెర్మినల్‌లో ఆ దారి పట్టుకుని, దాని లోపలున్న ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను సుడోతో తెరిచి అదే # పెట్టండి. కంగారులో పెన్‌డ్రైవ్ సొంత /ఈటీసీలో ఉన్న ఫైల్‌ను మార్చేసి "రీబూట్ చేసినా అదే తెర వస్తోంది" అనేవాళ్లున్నారు. మీ పాత లైన్లు అందులో కనిపిస్తున్నాయో లేదో చూసుకుని మార్చండి.

సర్వర్ వాడేవాళ్లకు మరొకటి

నోఫెయిల్ పెట్టాక సిస్టమ్ ఆ డ్రైవ్ కోసం ఆగదు. కాబట్టి డ్రైవ్ తగలకముందే మీడియా సర్వరో, డేటాబేసో లేచి, ఖాళీ ఫోల్డర్ చూసి "నా ఫైళ్లన్నీ పోయాయి" అనుకునే ప్రమాదం ఉంది. ఆ సర్వీస్‌కు 'సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ సర్వీస్‌పేరు' కొట్టి, తెరుచుకున్న ఫైల్‌లో ఈ రెండు లైన్లు చేర్చండి:

[యూనిట్]
రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/ఎంఎన్‌టీ/డేటా

యూనిట్‌లో మొదటి అక్షరం పెద్దది. రెండో లైనులో రిక్వైర్స్, మౌంట్స్, ఫర్ మూడు మాటలూ ఖాళీ లేకుండా కలిసి ఉండాలి, ఒక్కోదాని మొదటి అక్షరం పెద్దది. ఇక ఆ సర్వీస్ డ్రైవ్ తగిలాకే లేస్తుంది. తగలకపోతే అసలు లేవదు.